1942 ఏప్రిల్ 6: వైజాగ్ మీద బాంబులు పడిన రోజు మిగతా ప్రపంచంలో ఏం జరుగుతోంది? ఆ ఒక్క రోజును పట్టికలోకి ఎక్కించడం ఎలా?

మీరు అడిగినవి రెండు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్, కాకినాడల మీద బాంబులు వేశాయని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవారు. అదే రోజు మిగతా యుద్ధరంగాల్లో ఏం జరిగిందన్నది మొదటి ప్రశ్న. రాయడానికి కూర్చుంటే ఒక పుస్తకంలో తేదీ మరో పుస్తకంతో కలవడం లేదు, మునిగిన ఓడల లెక్క ఏ రెండు చోట్లా ఒకటిగా లేదు, దీన్ని సరిచేయడమెలా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. ఆ రోజు జపాన్ నౌకాదళం అసలు పని వైజాగ్ కాదు, బంగాళాఖాతంలో సరుకు ఓడల వేట. మన రెండు రేవుల మీద పడ్డవి ఆ వేటలో పక్కదెబ్బలు. ఇక లెక్కలు కలవకపోవడానికి ముఖ్య కారణం గడియారం. జపాన్ ఓడ ఎక్కడున్నా టోక్యో టైమే రాసుకుంటుంది, బ్రిటిష్ ఓడ మరో టైము, రేవులో గుమాస్తా ఇంకో టైము. అన్నిటినీ గ్రీనిచ్ కాలానికి మార్చకుండా పట్టిక మొదలుపెడితే ఎప్పటికీ కలవదు. ముందు వేట సంగతి చెప్పి గడియారాలకు వస్తాను.

బంగాళాఖాతంలో

అప్పటికి మార్చి 8న రంగూన్, 23న అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ జపాన్ చేతికి చిక్కాయి. బర్మాలో దిగిన జపాన్ సేనకు కొత్త డివిజన్లు, మందుగుండు, బియ్యం అన్నీ సముద్రం మీద రంగూన్‌కే రావాలి. ఆ దారికి పడమటి వైపు బ్రిటిష్ నౌకాదళం ఉంది. దాన్ని కొట్టడానికో, కనీసం దూరంగా తరమడానికో జపాన్ రెండు దళాలను పంపింది. అడ్మిరల్ నగుమో కింద అకగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు అనే 5 పెద్ద విమానవాహక నౌకలు సింహళం వైపు వెళ్ళాయి. అడ్మిరల్ ఓజావా కింద ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక, చోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే 5 భారీ క్రూజర్లు (పెద్ద ఫిరంగులున్న వేగమైన యుద్ధనౌకలు), యురా అనే తేలిక క్రూజరు, కొన్ని డెస్ట్రాయర్లు (వాటికంటే చిన్న యుద్ధనౌకలు) ఏప్రిల్ 1న బర్మా తీరంలోని మెర్గుయి నుంచి బయల్దేరి బంగాళాఖాతంలోకి వచ్చాయి. వైజాగ్‌కి వచ్చిన విమానాలు ఈ ర్యుజోవి. కొలంబోను కొట్టిన దళమే వైజాగ్‌నూ కొట్టిందని చాలాచోట్ల కనిపిస్తుంది. అది తప్పు.

ఓజావా తన ఓడలను మూడు ముక్కలు చేశాడు. ఉత్తరాన కుమానో, సుజుయా ఒక డెస్ట్రాయర్‌తో ఒరిస్సా తీరం వైపు వెళ్ళాయి. మధ్యలో చోకాయ్, ర్యుజో, యురా. దక్షిణాన మికుమా, మొగామి, అమగిరి అనే డెస్ట్రాయరు. తీరం వెంబడి వల పరిచినట్టు. ఎదురుగా ఏముంది? కలకత్తా రేవులో ఓడలు కిక్కిరిసి ఉన్నాయి. రేవులో ఉంటే విమానదాడికి దొరికిపోతాయని వాటిని బయటికి పంపేశారు. కాపలాకి యుద్ధనౌకలు లేవు, పైన విమానాలు లేవు. చిన్న గుంపులుగానో, ఒంటిగానో తీరం పట్టుకుని దక్షిణానికి వస్తున్నాయి. 6వ తేదీ ఉదయం ఉత్తరపు గుంపు కంటబడినవి సిల్క్స్‌వర్త్, ఆటోలికస్, మాల్డా, షిన్‌క్వాంగ్, అమెరికా ఓడ ఎక్స్‌మూర్. ఐదూ మునిగాయి. మాల్డా 9,066 టన్నులు, ఆటోలికస్ 7,621 టన్నులు. ఒక్కోటి ఒక చిన్న ఊరంత సరుకు మోసే ఓడ. ఎదురుగా ఉన్న క్రూజర్లవి 8 అంగుళాల ఫిరంగులు. సరుకు ఓడ మీద ఉండేది చుక్కాని వైపున ఒక పాత తుపాకీ. ఇక పోరాటమనే మాటే లేదు. బతికినవాళ్ళు పడవలెక్కి ఒరిస్సా ఒడ్డుకు చేరారు. సిబ్బందిలో భారతీయ కళాసీలు చాలామంది. ఈ రోజు గురించి రాసేవాళ్ళు ఓడ పేరూ టన్నులూ రాసి వాళ్ళను వదిలేస్తుంటారు. మీరు వదలకండి.

ర్యుజో మీదున్న దాడి విమానం నకజిమా బీ5ఎన్. ముగ్గురు మనుషులు కూర్చునే విమానం అది. 800 కిలోల టార్పెడో ఒకటిగానీ, 250 కిలోల బాంబులు రెండుగానీ, 60 కిలోలవి ఆరుగానీ మోస్తుంది. దీన్నిబట్టే వైజాగ్ దాడి ఎంతటిదో లెక్క కట్టుకోవచ్చు. చిన్న వాహకనౌక నుంచి వచ్చిన కొద్ది విమానాలు, ఒక్కోదాని కింద అర టన్ను లోపు బాంబులు. రేవును మూసేయడానికి అది చాలదు. రేవులో ఉన్న ఓడల్ని, గోదాముల్ని దెబ్బతీయడానికి, జనాన్ని హడలగొట్టడానికి చాలు.

వైజాగ్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, మద్రాసు కలకత్తాల మధ్య పెద్ద ఓడ లోపలికి వచ్చి ఒడ్డుకు ఆనుకుని నిలబడగల రేవు అదొక్కటే. 1933లో తెరిచారు. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలు మార్గం మధ్యపరగణాల మాంగనీసును నేరుగా ఇక్కడికి తెస్తోంది. సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. కాకినాడ సంగతి వేరు. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా లంగరేస్తుంది. సరుకు పడవల మీద కాలవలోంచి వెళ్ళి ఓడకెక్కుతుంది. అంటే సరుకు ఎక్కుతున్నంతసేపూ ఓడ బహిరంగ సముద్రంలో కదలకుండా నిలబడి ఉంటుంది. పైనుంచి చూసేవాడికి అంతకంటే తేలికైన గురి ఉండదు.

దాడిలో పోయిన ప్రాణాల కంటే తర్వాత పుట్టిన భయం పెద్దది. వైజాగ్ నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. మద్రాసులో ఆ వారమే ప్రభుత్వం, జపాన్ దళం దిగబోతోందన్న తప్పుడు కబురు నమ్మి, ఆఫీసుల్ని లోపలి పట్టణాలకు తరలించింది. జంతుప్రదర్శనశాలలో క్రూరమృగాలను కాల్చేశారు. ఇవన్నీ 6వ తేదీ ఫలితాలే గాని 6వ తేదీ సంఘటనలు కావు. పట్టికలో వేరే రంగు సిరాతో రాయండి.

అదే నీటిలో, 30 గంటలు

ముందురోజు, ఈస్టర్ ఆదివారం, నగుమో విమానాలు కొలంబోను కొట్టి, మధ్యాహ్నం డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూజర్లను డైవ్ బాంబర్లతో నిమిషాల్లో ముంచేశాయి. పుస్తకాల్లో ఇది ఏప్రిల్ 5 కింద ఉంటుంది. కానీ ఆ మనుషులకు 5తో అయిపోలేదు. రాత్రంతా, మర్నాడు పగలంతా నీళ్ళలోనే ఉన్నారు. ఓడల నుంచి కారిన ఇంధన నూనె ఒళ్ళంతా, కళ్ళలో. మిగిలిన కొద్ది పడవల్లో గాయపడ్డవాళ్ళను పెట్టి, మిగతావాళ్ళు తెప్పలకూ చెక్కలకూ పట్టుకుని వేలాడారు. విడిపోతే వెతికే విమానానికి కనపడరు కాబట్టి గుంపుగా ఉండమని అధికారులు పట్టుపట్టారు. 6వ తేదీ సాయంత్రం ఎంటర్‌ప్రైజ్ అనే బ్రిటిష్ క్రూజరు, పాలాడిన్, పాంథర్ అనే డెస్ట్రాయర్లు వచ్చి 1,122 మందిని పైకి తీశాయి. 424 మంది పోయారు. ఒక రోజును మాత్రమే తీసుకుని రాసేటప్పుడు ఇలాంటివి జారిపోతాయి. దాడి జరిగిన తేదీ ఒకటి, దాన్ని అనుభవించిన తేదీ మరొకటి. నా పట్టికలో 'మొదలు', 'ముగింపు' అని రెండు గడులు పెట్టేది ఇందుకే.

వాళ్ళను తీసుకురావడం ఆలస్యమవడానికి కారణముంది. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్‌కి ఆ రోజు నగుమో ఎక్కడున్నాడో తెలియదు. సింహళానికీ మాల్దీవుల్లోని అడ్డూ అటాల్‌కీ మధ్య జపాన్ వాహకనౌకలు ఉన్నాయేమోనని ఆచితూచి తిరిగాడు. నగుమో నిజానికి తూర్పుగా చుట్టు తిరిగి ట్రింకోమలీ వైపు వస్తున్నాడు. 9న అక్కడ దాడి చేసి, హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకను ముంచాడు. 6వ తేదీ సోమర్‌విల్ చేసిన పనుల్ని 9వ తేదీ జ్ఞానంతో తూచకండి. ఆ గంటకు ఆయన బల్ల మీద ఏ కబుర్లున్నాయో అవి మాత్రమే చూడండి.

గడియారాలు

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

టోక్యో టైము గ్రీనిచ్ కంటే 9 గంటలు ముందు, భారత ప్రామాణిక కాలం 5.30 గంటలు ముందు. కాబట్టి జపాన్ లాగ్‌బుక్కులో (ఓడలో గంటగంటకూ రాసే పుస్తకం) 10.30 అని ఉంటే గ్రీనిచ్ 1.30, మన టైము ఉదయం 7.00. అదే లాగ్‌బుక్కులో 'ఏప్రిల్ 6, 2.00' అని ఉంటే? గ్రీనిచ్ ఏప్రిల్ 5 సాయంత్రం 5.00, మనకు ఏప్రిల్ 5 రాత్రి 10.30. జపాన్ వాళ్ళకు 6, మనకు 5. ఓడల లెక్కలో తేదీలు ఒక రోజు అటూఇటూ కావడానికి సగం కారణం ఇదే.

ఇండియాలో యుద్ధకాలంలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపి మళ్ళీ మార్చారు, అదీ అన్నిచోట్లా ఒకేసారి కాదు. అందుకని కలకత్తా కాగితం, మద్రాసు కాగితం ఒకే టైములో ఉన్నాయని అనుకోవద్దు. కాగితం మీద ఏ టైమని రాసి ఉందో చూడాలి. రాయకపోతే సూర్యోదయంతో పోల్చాలి. వైజాగ్‌లో ఏప్రిల్ మొదట్లో సూర్యుడు ప్రామాణిక కాలం ప్రకారం 6కి కొంచెం ముందే వస్తాడు. 'తెల్లవారగానే' అని ఉన్న చోట 7 దాటి రాసి ఉంటే, ఆ గడియారం ముందుకు జరిపినదే.

బ్రిటన్‌లో సరిగ్గా ముందురోజు, ఏప్రిల్ 5న, గడియారాలు గ్రీనిచ్ కంటే 2 గంటలు ముందుకు వెళ్ళాయి. అమెరికా ఫిబ్రవరి నుంచి ఏడాది పొడుగునా ఒక గంట ముందుంది. హవాయి గ్రీనిచ్ కంటే 9.30 గంటలు వెనక. మాస్కో 3 ముందు. ఇన్ని గడియారాల మీద 'ఏప్రిల్ 6' అనే తేదీ భూమ్మీద ఎక్కడో ఒకచోట దాదాపు 48 గంటల పాటు నడుస్తుంది. అందుకే మీ పట్టికకు హద్దు ముందే గీసుకోండి. నేను గ్రీనిచ్ 0.00 నుంచి 24.00 వరకు తీసుకుని, అటు 6 గంటలు, ఇటు 6 గంటలు ఓరగా ఉంచుతాను.

రాత్రి దాడులది మరో చిక్కు. బ్రిటిష్ బాంబర్లు 6 సాయంత్రం లేచి 7 తెల్లవారుజామున దిగుతాయి. వాళ్ళ రికార్డులో అది '6/7'. జర్మన్ ఊళ్ళో నష్టం 7 కింద ఎక్కుతుంది. రెండూ ఒకటే దాడి.

మిగతా ప్రపంచం, క్లుప్తంగా

ఫిలిప్పీన్స్‌లో బతాన్: ఆ రోజు అన్నిటికంటే ఎక్కువమంది భవిష్యత్తు తేలింది ఇక్కడే. జపాన్ జనరల్ హొమ్మా ఏప్రిల్ 3న ఆఖరి దాడి మొదలుపెట్టాడు. 5న సమత్ కొండ పోయింది. 6న అమెరికన్, ఫిలిపినో దళాలు ఎదురుదాడికి లేచి, ముందుకొస్తున్న జపాన్ దాడికి ఎదురు తగిలి చెదిరిపోయాయి. మ్యాపు మీద చూస్తే ఎదురుదాడి పథకం సబబుగానే కనిపిస్తుంది. కానీ మనుషుల ఒంట్లో సత్తువ లేదు. జనవరిలో తిండి సగానికి కోశారు, మార్చికి రోజుకు వెయ్యి కేలరీల స్థాయికి దిగింది. మలేరియా, దానికి క్వినైన్ కరువు. 9న 70 వేల మందికి పైగా లొంగిపోయారు. బతాన్ పడిపోవడానికి కారణం వెతికేవాళ్ళు ఫిరంగుల లెక్క కంటే ముందు బియ్యం లెక్క చూడాలని నా గట్టి అభిప్రాయం.

బర్మా: ప్రోమ్ పట్టణం జపాన్ చేతికి పోయింది, బ్రిటిష్ దళం యెనాంజాంగ్ చమురుబావుల వైపు వెనక్కి నడుస్తోంది. దానితోపాటు కాలినడకన కొండలు దాటుతున్న భారతీయులు లక్షల్లో. రంగూన్ రేవులో కూలిపనులు చేసిన తెలుగువాళ్ళు వాళ్ళలో చాలామంది. బర్మావాళ్ళు మనవాళ్ళను 'కోరంగీలు' అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. ఒక తీరంలో బాంబులు, ఆ తీరం బిడ్డలు అవతల అడవిలో. ఈ రెంటినీ ఒకే పేజీలో పెట్టాల్సింది తెలుగువాళ్ళే, వేరెవరూ పెట్టరు.

మాల్టా: మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ వాళ్ళ దీవి. ఆ నెల దాని మీద 6,700 టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. 6వ తేదీ అందులో ఒక మామూలు రోజు, అంటే ఘోరమైన రోజు.

లిబియా: గజాలా దగ్గరి రక్షణ వరుసలో ఇరుపక్షాలూ (బ్రిటిష్ వాళ్ళు, జర్మన్-ఇటాలియన్లు) సరుకు పోగేసుకుంటూ కూర్చున్నాయి. మే 26 దాకా పెద్ద కదలిక లేదు. ఏమీ జరగలేదని గడి ఖాళీగా వదలకండి, 'నిల్వలు పెంచుకోవడం' అని రాయండి. అదీ యుద్ధ చర్యే.

తూర్పు రంగం (జర్మనీ, సోవియట్ యూనియన్ల పోరు): మంచు కరిగి దారులు బురదయ్యే కాలం. దెమ్యాన్స్క్ దగ్గర ఫిబ్రవరి నుంచి చుట్టుముట్టబడిన దాదాపు లక్షమంది జర్మన్లకు విమానాల మీద తిండి వెళ్తోంది. బయటి నుంచి దారి తెరవడానికి వస్తున్న దళం ఏప్రిల్ 21న గాని వాళ్ళను కలవలేదు. ముందురోజే హిట్లర్ 41వ నంబరు ఆదేశం మీద సంతకం చేశాడు. స్టాలిన్‌గ్రాడ్‌కు దారితీసిన వేసవి దాడి అందులోదే. 6న రణరంగంలో ఉన్న సిపాయికి దాని గాలి కూడా తగల్లేదు.

జర్మనీ ఆకాశం: ఆ రాత్రి 157 బ్రిటిష్ బాంబర్లు ఎస్సెన్ మీదికి వెళ్ళాయి. దారిలో తుఫాను, రెక్కల మీద మంచు, గురి మీద కమ్మిన మబ్బు. చాలావాటికి గురే దొరకలేదు.

అట్లాంటిక్: అమెరికా తూర్పు తీరంలో జర్మన్ జలాంతర్గాములు నూనె ఓడల్ని వేటాడుతున్నాయి. అక్కడా బంగాళాఖాతంలో జరిగిన పొరపాటే: కాపలా కాన్వాయ్ లేకుండా ఓడల్ని ఒంటరిగా పంపడం. ఈ పోలిక మీ వ్యాసానికి వెన్నెముక కాగలదు.

పసిఫిక్: హార్నెట్ అనే విమానవాహక నౌక 16 బీ-25 బాంబర్లను డెక్కు మీద కట్టుకుని ఏప్రిల్ 2నే శాన్‌ఫ్రాన్సిస్కో వదిలింది. 6న నడిసముద్రంలో ఉంది. 18న టోక్యో మీద బాంబులు వేసినవి ఆ విమానాలే. వైజాగ్‌కి విమానాలు పంపిన ర్యుజో ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది.

ఢిల్లీలో బ్రిటిష్ మంత్రి క్రిప్స్ భారత నాయకులతో జరుపుతున్న చర్చలు ఆఖరి ఘట్టంలో ఉన్నాయి. దేశ రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే ముడి బిగుసుకుంది. సరిగ్గా అప్పుడే తీరం మీద బాంబులు పడ్డాయన్నది గుర్తుంచుకోండి.

పట్టిక వేసే పద్ధతి

గడులు ఇవి: రాసి ఉన్న టైము, అది ఎవరి గడియారం, గ్రీనిచ్‌కి మార్చిన టైము, చోటు, ఎవరు ఎవరి మీద, మొదలు-ముగింపు, కాగితం ఏ రకం. చివరి గడి ముఖ్యం. ఆ గంటలోనే రాసిన లాగ్‌బుక్కుకి 1, వారం లోపు నివేదికకి 2, తర్వాతి పుస్తకానికి 3, జ్ఞాపకానికి 4 అని వేయండి. రెండు వరసలు తగాదా పడితే చిన్న అంకెను నమ్మండి. ఒక్క మినహాయింపు: శత్రువుకు జరిగిన నష్టం గురించి రాసింది 1వ రకమైనా నమ్మొద్దు. పైలట్ 'ముంచాను' అని నిజాయితీగానే రాస్తాడు, ఓడ పొగలో కుంటుకుంటూ వెళ్ళిపోతుంది. ఎవరి నష్టం వాళ్ళ కాగితంలో చూడాలి.

ఓడల లెక్కకు వస్తే, ఓజావా దళం ముంచినవి మొత్తం 23, దాదాపు 1,12,000 టన్నులు అన్నది ఎక్కువగా కనిపించే లెక్క. 19 అనీ 20 అనీ కూడా చూస్తారు. తేడా వచ్చే చోట్లు ఇవి. 5న ముంచిన హర్పాసాను కలిపారా లేదా. దెబ్బతిని మునగనివాటిని కలిపారా. పశ్చిమతీరం వైపు జలాంతర్గాములు ముంచినవి ఇందులో పోశారా. ఇక రెండుసార్లు లెక్కపెట్టడం: డార్డనస్ అనే ఓడ విమానదాడిలో దెబ్బతింటే గండారా అనే ఓడ దాన్ని తాడుకట్టి లాక్కెళ్ళింది. తర్వాత దక్షిణపు గుంపు క్రూజర్లు వచ్చి రెంటినీ ముంచాయి. విమానాల ఖాతాలో ఒకసారి, క్రూజర్ల ఖాతాలో ఒకసారి ఎక్కితే రెండు ఓడలు మూడవుతాయి. కాబట్టి సంఖ్యతో కాదు, ఓడ పేర్లతో జాబితా వేసి చివర్లో లెక్కపెట్టండి. టన్నులు కూడా జాగ్రత్త: సరుకు ఓడ టన్ను లోపలి ఖాళీని కొలిచేది, యుద్ధనౌక టన్ను నీటిలో బరువు. రెంటినీ కూడొద్దు.

వెతికేటప్పుడు ఊళ్ళ పేర్లు ఆనాటి స్పెల్లింగులో వెతకాలి. 'విశాఖపట్నం' అని వెతికితే దాదాపు ఏమీ దొరకదు. 'వైజాగపటం', 'కొకనాడ' అని ఇంగ్లీషులో రాసేవారు. 7, 8 తేదీల పత్రికలు సెన్సారు దాటి వచ్చినవి. వాటిలో నష్టం తగ్గించి ఉంటుంది, టైము మాత్రం పనికొస్తుంది.

మీ పెద్దవాళ్ళ జ్ఞాపకం 4వ రకమే అయినా పారేయకండి. వాళ్ళు ఇంగ్లీషు తేదీ చెప్పరు, తిథి చెప్తారు. అది చిత్రభాను సంవత్సరం, ఉగాది మార్చి 17న. ఏప్రిల్ 1 పౌర్ణమి, కాబట్టి 6 సోమవారం చైత్ర బహుళ పంచమి ప్రాంతం. రాత్రి పది దాకా చంద్రుడు రాడు. ఎవరైనా 'బాంబులు పడ్డ రోజు సందెవేళే పిండారబోసినట్టు వెన్నెల' అంటే ఆ జ్ఞాపకం వేరే రోజుది. 'ఉగాది వెళ్ళిన మూడు వారాలకి, దీపాలు ఆర్పేసి చీకట్లో బండి కట్టాం' అంటే దాన్ని పట్టికలో ఎక్కించండి. విశాఖ మ్యూజియంలో జపాన్ బాంబు ఒకటి ఇప్పటికీ పెట్టి ఉంది. బీ5ఎన్ ఏ సైజు బాంబులు మోసేదో పైన రాశాను, ఆ అంకెలు జేబులో పెట్టుకుని ఓసారి వెళ్ళి చూసి రండి.